అడగకుండా పంచిన పేర్లు

"ఈ కాగితాలు నీ చేతికెలా వచ్చాయి?"

ప్రేమ్ కుమార్ అలా అడగడం అది మూడోసారి.

నర్సయ్య చెప్పులు లిఫ్టు దగ్గరే విడిచి, గుమ్మం లోపలికి ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు. యాభై దాటిన మనిషి. గార్డు డ్రెస్సు లేకుండా అతన్ని చూడటం ప్రేమ్ కుమార్ చెల్లెలు ప్రశాంతికి అదే మొదటిసారి. అతని భార్య యాదమ్మ వంటింటి గోడకు ఆనుకుని ఉంది. నాలుగేళ్లుగా ఈ నార్సింగి ఫ్లాటులో పని చేస్తున్న మనిషి, ఆ ఆదివారం పొద్దున సింకులో గిన్నెల వంక కూడా చూడలేదు.

భోజనాల బల్ల మీద, ఎవరూ ముట్టని ఇడ్లీల పక్కన, పదకొండు పేజీల జాబితా ఉంది. నాలుగు వందల పన్నెండు పేర్లు. ఒక్కో పేరు పక్కన వయసు, ఫోన్ నంబరు, జబ్బు. చివరి గడిలో 'ఫిట్' లేదా 'అన్‌ఫిట్'. మొదటి పేజీ మూలన నాడికార్డ్ గుర్తు.

నాడికార్డ్ ప్రేమ్ కుమార్ కంపెనీ. ఆఫీసు టవర్లలో, గేటెడ్ కాలనీల్లో పనిచేసే గార్డులకూ, హౌస్‌కీపింగ్ వాళ్లకూ, డ్రైవర్లకూ క్యాంపులు పెట్టి ఉచితంగా రక్తపరీక్షలు చేస్తుంది. ప్రశాంతి ఆరేళ్ల క్రితం మంచి ఉద్యోగం వదులుకుని అన్నయ్యతో కలిసింది. క్యాంపులన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి. మే నెలలో జరిగిన ఈ క్యాంపు కూడా.

"సూపర్‌వైజర్ గార్డు రూముల గోడకు అంటించిండు సార్," అన్నాడు నర్సయ్య. "నేనే గుంజుకొచ్చిన."

"అది తప్పు, నర్సయ్యా. ఇందులో అందరి వివరాలూ ఉన్నాయి. ఇది కాన్ఫిడెన్షియల్. నువ్విలా పట్టుకుని తిరగకూడదు."

నర్సయ్య కాసేపు అర్థం కానట్టు చూశాడు.

"గోడకు అంటించినప్పుడు కాన్ఫిడెన్షియల్ గాదా సార్? నేను చింపినంకనే అయిందా?"

ప్రేమ్ కుమార్ చేతి గడియారం చూసుకున్నాడు. ప్రతి ఆదివారం కోకాపేట నుంచి వచ్చి తల్లినీ చెల్లెల్నీ చర్చికి తీసుకెళ్లడం అతనికి అలవాటు. ఆరాధన మొదలవడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

"కూర్చో నర్సయ్యా," అంది తల్లి సువార్తమ్మ. తెల్లచీర కట్టుకుని, చర్చికి తయారై, సోఫాలో కూర్చుని ఉందామె. "మొన్న ఏం జరిగిందో నాకు మొదట్నించీ చెప్పు."

నర్సయ్య కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

పద్నాలుగేళ్లుగా గార్డు పని. ఎప్పుడో ఫిట్స్ వచ్చేవి. దవాఖానలో మందు రాశారు. రోజూ ఒక గోలీ. తొమ్మిదేళ్లుగా ఒక్కసారి కూడా రాలేదు. క్యాంపులో డాక్టరు ఏమేం మందులు వాడతావని అడిగితే, డాక్టరు కదా అని చెప్పాడు. నాలుగో రోజు గేటు దగ్గర పేరు పిలిచి, రేపట్నుంచి రావద్దన్నారు.

"అండ్ల తీసేస్తే తీసేసిన్రు. ఇంకో ఏజెన్సీకి పోయిన. నానక్‌రాంగూడల. నేను పేరు, ఫోన్ నంబర్ చెప్పిన, గంతే. కంప్యూటర్ల చూసి, 'నీకు ఫిట్స్ ఉన్నయ్ గదా' అన్నడు. ఆడికెళ్ళి ఇంకోకాడికి పోయిన. గదే మాట. నా రోగం పేరు నాకంటె ముందు పోయి ఆడ కూసున్నది, అమ్మా."

"గార్డు రూముల ఈయనతోని కలిసి తినెటోళ్ళు టిఫిన్ డబ్బలు పక్కకు జరుపుకున్నరంట," అంది యాదమ్మ. "అంటుకుంటదని."

సువార్తమ్మ కళ్లజోడు పెట్టుకుని జాబితా అందుకుంది. ఒక పేజీ చూసింది. రెండో పేజీ చూసింది. ఆ తర్వాత చూడలేదు. కాగితాలు తిరగేసి బల్ల మీద బోర్లా పెట్టింది.

గుంటూరు జిల్లాలో మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు నర్సుగా చేసిన మనిషి. రిటైరయ్యాక కొడుకు అడిగితే కాదనలేక క్యాంపుల్లో కూర్చునేది.

"క్యాంపులో ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నది నేను కదరా, ప్రేమ్," అంది. గొంతు పెంచలేదు. "ఈ మనిషి ఫోన్ నంబర్ చెప్పడానికి భయపడ్డాడు. నేను నర్సుని, నాకు చెప్పింది బయటికి పోదు అన్నాను. నా మొహం చూసి చెప్పాడు. వీళ్లంతా నా మొహం చూసి చెప్పారు."

"అమ్మా, నువ్వు అనవసరంగా..."

"మా వార్డులో రిజిస్టరు ఉండేది. రోగి సొంత అన్న వచ్చి అడిగినా చూపించేవాళ్లం కాదు. దానికి తాళం ఉండేది. ఆ తాళంచెవి నా నడుముకి ఉండేది. నువ్వు గోడకి అంటించావు."

"నేను అంటించలేదు. ఏజెన్సీవాళ్లు అంటించారు. వాళ్ల సూపర్‌వైజర్ తెలివితక్కువ పని చేస్తే నేనేం చేయను? మన వైపు నుంచి అంతా పద్ధతిగానే జరిగింది. ప్రతి ఒక్కరూ ఓటీపీ చెప్పారు. ఓటీపీ చెప్పారంటే అనుమతి ఇచ్చినట్టు. ఎవరు ఏ నిమిషంలో ఇచ్చారో సిస్టంలో ఉంది."

యాదమ్మ గోడను వదిలి ముందుకొచ్చింది.

"ఓటీపీ గ్యాస్ బండకు గూడ చెప్తం సార్. చెప్తేనే బండ దింపుతడు. బండ దింపినోడు మా ఇంట్ల ఎవలికి ఏ రోగమున్నదో బస్తీల చెప్పుకుంట తిరుగుతడా?"

"యాదమ్మా, నీకు తెలియని విషయాలు..."

"తెల్వదనే గదా సార్, గిట్ల చేసిన్రు."

కింద ఔటర్ రింగు రోడ్డు మీద లారీల హోరు వినిపిస్తోంది. ప్రశాంతి అంతసేపూ నోరు విప్పలేదు. ఇంకా ఊరుకుంటే తనూ అన్నయ్య పక్కన నిలబడ్డట్టే అవుతుందనిపించింది.

"అన్నయ్యా, ఓటీపీ అడిగే ముందు ట్యాబులో ఒక పేజీ వస్తుంది. మొత్తం ఇంగ్లీషు. అందులో ఏముందో వీళ్లలో ఒక్కరికైనా చదివి చెప్పామా? చదవకుండా ఇచ్చింది అనుమతి ఎలా అవుతుంది?"

ప్రేమ్ కుమార్ ఆమె వైపు తిరిగాడు. అప్పటిదాకా లేని చల్లదనం అతని మొహంలోకి వచ్చింది.

"ఆ పేజీ ఎవరు రాశారు, ప్రశాంతీ?"

ఆమె బల్ల మీద బోర్లా ఉన్న కాగితాల వైపు చూసింది.

"'మీ వివరాలను మా భాగస్వామ్య సంస్థలతో పంచుకోవచ్చు.' ఆ వాక్యం నీది. ఏప్రిల్‌లో నాకు పంపిన మెయిల్ ఇప్పుడే తీసి చూపించనా?"

చూపించక్కర్లేదు. ఆమెకు గుర్తుంది. భాగస్వాములంటే రక్తం పరీక్షించే ల్యాబు, మందులిచ్చే ఆసుపత్రి అనుకుంది. వాళ్ల పేర్లు రాస్తే పేజీ పొడుగవుతుందని రాయలేదు. తెలుగులో కూడా పెడదామా మేడం అని డిజైన్ చేసే నవ్య అడిగింది. క్యాంపు దగ్గరపడింది, తర్వాత చూద్దాంలే అంది తను.

నర్సయ్య ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం కంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. తర్వాత కోపం వచ్చి అక్కడే ఉండిపోయింది.

"ఇగ నడువు," అన్నాడు భార్యతో.

యాదమ్మ కొంగు ముడి విప్పింది. ఇంటి తాళంచెవి తీసి ఫ్రిజ్ మీద పెట్టింది. "రేపటి సంది నేను రాను, పెద్దమ్మా. మీ మీద నాకేం లేదు. కానీ నా కాళ్లు రావు."

జాబితా మడిచి చంకలో పెట్టుకుని నర్సయ్య వెళ్లిపోయాడు. ప్రేమ్ కుమార్ ఆపబోయి, తల్లి మొహం చూసి ఆగాడు.

"అమ్మా, టైమైంది. వెళ్దామా?"

"నువ్వెళ్లు," అంది సువార్తమ్మ. "నేను ఇవాళ నీ కారెక్కను."

*

మర్నాడు పదకొండు గంటలకు హైటెక్ సిటీ ఆఫీసులో, తొమ్మిదో అంతస్తులో, గాజు గదిలో ముగ్గురు కూర్చున్నారు. మూడోమనిషి రామబ్రహ్మం గారు. కంపెనీ పెట్టినప్పట్నుంచీ వాళ్ల వకీలు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. సోమవారం ఇలా హఠాత్తుగా పిలిచారంటే మంచి విషయం కాదని ఆయనకు తెలుసు.

జరిగిందంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"కొత్త డేటా చట్టం ఇంకా పూర్తిగా అమల్లోకి రాలేదు కదండీ," అన్నాడు ప్రేమ్ కుమార్. "నిరుడు నవంబరులో నియమాలొచ్చాయి. పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంటే వచ్చే మే దాకా మనకి టైముంది."

"సర్దుకోవడానికి టైమిచ్చారండి. ఈలోపు ఏదైనా చేసుకోమని కాదు. ఆరోగ్యం సంగతులు ఇంకొకళ్లకి ఇవ్వాలంటే రాతపూర్వకంగా అనుమతి ఉండాలని పదిహేనేళ్ల నాటి రూల్సులోనే ఉంది. మీరెవరూ చదవలేదు. నిజం చెప్పాలంటే నన్నూ ఎవరూ అడగలేదు."

"కొత్త చట్టం వస్తే ఏమవుతుంది?" అడిగింది ప్రశాంతి.

"ఎందుకు తీసుకుంటున్నామో ముందే స్పష్టంగా చెప్పాలి. అడిగితే తెలుగులో చెప్పాలి. దేనికని తీసుకున్నామో దానికే వాడాలి. ఎవరెవరికి ఇచ్చామో అడిగితే పేర్లతో చెప్పాలి. వద్దంటే తుడిచెయ్యాలి. సరిగా కాపాడకపోతే రెండు వందల యాభై కోట్ల దాకా జరిమానా వెయ్యొచ్చు. మీకంత వేస్తారని కాదు. కానీ మీ క్యాంపు ట్యాబులో ఉన్న ఆ పేజీ, అమ్మా, ఏ రోజు చూసినా నిలబడదు."

"అయితే మొత్తం తుడిచేద్దాం," అన్నాడు ప్రేమ్ కుమార్. "ఇవాళే. సర్వర్లో ఏమీ లేకపోతే ఎవరేం అడుగుతారు?"

రామబ్రహ్మం గారు తల అడ్డంగా ఊపారు. "గొడవ మొదలయ్యాక తుడిస్తే ఆధారాలు తుడిచారంటారు. పైగా మీ దగ్గర పోతే వాళ్ల దగ్గర పోతుందా? అసలు ఎంతమందికి వెళ్లింది ఇది?"

ప్రేమ్ కుమార్ నీళ్ల సీసా మూత తిప్పుతున్నాడు.

"అన్నయ్యా, నిన్నే అడుగుతున్నారు."

"ఏడు."

"ఏడుగురికా?"

"ఏడు ఏజెన్సీలకి. పనివాళ్లందరూ ఒకళ్ల దగ్గర మానేసి ఇంకొకళ్ల దగ్గర చేరేవాళ్లే కదా. కలిపి ఒకే ఫైలు కావాలన్నారు. మెయిల్లో పంపాను."

ప్రశాంతి అన్నయ్య వైపు కుర్చీ తిప్పింది. ఏడు ఏజెన్సీలంటే ఈ మాదాపూర్ నుంచి నానక్‌రాంగూడ దాకా ఉన్న గేట్లన్నీ. నర్సయ్య ఎక్కడికెళ్లినా అతనికంటే ముందు ఆ ఫైలు వెళ్లి ఉంటుంది.

"ఎందుకు పంపావు?"

"ఎందుకేమిటి? క్యాంపు ఖర్చు పెట్టుకున్నది వాళ్లు! ఉచితం, ఉచితం అని బ్యానర్ కట్టావే, ఆ ఉచితం ఎక్కడ్నించి వస్తుందని ఒక్కసారైనా అడిగావా? ఇక్కడ యాభై ముగ్గురు పని చేస్తున్నారు. అడక్కుండా ఉండటం నీకు హాయిగా ఉంది, ప్రశాంతీ. చెడ్డపనులన్నీ నేను చేస్తే, నువ్వు మంచిదానివిగా ఉండొచ్చు. మనం క్యాంపు పెట్టకపోతే ఆ గార్డులకి రక్తపరీక్ష చేసే దిక్కెవరు? చెప్పు!"

ఆ మాటలో నిజముందని ఆమెకు తెలుసు. తెలియడం ఆమె కోపాన్ని తగ్గించలేదు, పెంచింది.

"నేను కంపెనీ వకీలుని," అన్నారు రామబ్రహ్మం గారు, ఇద్దరి మధ్యకీ చెయ్యి చాపి. "కంపెనీకి మంచిదే చెప్తాను. వాళ్లంతట వాళ్లకి తెలిసేలోపు మీరే చెప్పండి. తప్పు జరిగింది, ఫలానా వాళ్లకి వెళ్లింది, వెనక్కి తెప్పిస్తున్నాం అని. ఏడుగురికీ ఇవాళే నోటీసు పంపుదాం, ఫైలు వాడొద్దు, తుడిచెయ్యండి అని."

"చెప్తే రేపట్నుంచి ఒక్క కాలనీ మనల్ని గేటు లోపలికి రానివ్వదు." ప్రేమ్ కుమార్ ఒక నియామక పత్రం తీసి బల్ల మీద ప్రశాంతి వైపు జరిపాడు. "నా దగ్గర ఇంకో దారి ఉంది. కంపెనీకి డేటా రక్షణ అధికారిగా నిన్ను వేస్తున్నాను. నువ్వొక ఉత్తరం రాస్తావు. పేజీలో భాగస్వాముల మాట ఉంది కాబట్టి ఇచ్చాం, ఏజెన్సీలు దాన్ని దుర్వినియోగం చేశాయి, మనకి సంబంధం లేదు అని. సంతకం పెట్టు."

ప్రశాంతి కాగితం చదివింది. రెండోసారి చదువుతూ తేదీ దగ్గర ఆగింది.

"ఇవాళ జూన్ పదిహేను. దీని మీద జనవరి ఒకటి అనుంది."

రామబ్రహ్మం గారు చటుక్కున ఆ కాగితం లాక్కుని చూశారు. ఆయన మొహం మారిపోయింది. "ప్రేమ్ గారూ, ఇది నా ముందు పెట్టకండి. నేనిది చూడలేదు." ఫైలు సర్దుకుని లేచారు. తలుపు తీసుకుని వెళ్లిపోయారు.

గాజు అవతల ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు వీళ్ల వైపు చూసి, మళ్లీ తమ స్క్రీన్లలోకి తల దించుకున్నారు.

"జనవరి నుంచీ బాధ్యత నాదే అయినట్టు," అంది ప్రశాంతి. "రేపు ఎవరైనా వస్తే నన్ను చూపించడానికి."

"నిన్ను కాపాడతాను. నా చెల్లెలివి."

"చెల్లెల్ని కాబట్టే నా పేరు రాశావు. బయటివాళ్లయితే తేదీ చూడగానే నీ మీద కేసు పెట్టేవాళ్లు."

ఆమె కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. అతను చేతులు కట్టుకుని చూస్తూ ఊరుకున్నాడు. అది కంప్యూటర్లో ఉంది, మళ్లీ తీయొచ్చు.

"ఐదింటిదాకా ఆలోచించుకో," అన్నాడు. "ఆ తర్వాత నీ లాగిన్ పనిచేయదు."

*

ఖాజాగూడలో నర్సయ్య వాళ్ల గది బండరాళ్ల దిగువన, రేకుల వరసలో నాలుగోది. మూడున్నరకు ప్రశాంతి ల్యాప్‌టాప్ సంచీతో గుమ్మంలో నిలబడితే యాదమ్మ లోపలికి రమ్మనలేదు. వద్దని కూడా అనలేదు. కాసేపయ్యాక చాప పరిచింది.

ప్రశాంతి దాచకుండా చెప్పింది. ఏడు ఏజెన్సీల పేర్లూ చెప్పింది. ఆ వాక్యం రాసింది తనేనని చెప్పింది.

నర్సయ్య గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"ఇప్పుడు గవర్నమెంటు కొత్త చట్టం తెచ్చిందంటివి. జుర్మానా ఏస్తదంటివి. ఆ జుర్మానా ఎవలికి పోతది?"

"ప్రభుత్వానికి."

"నాకు?"

"మీకేమీ రాదు."

అతను పెద్దగా నవ్వాడు. నవ్వు మధ్యలోనే తెగిపోయింది. "మంచిగున్నది. రోగం నాది. బదనాం నాది. పైసలు గవర్నమెంటుకు. మీకేమో పాపం పోయింది."

"నర్సయ్యా, మీకు మళ్లీ ఉద్యోగం..."

"నౌకరి నేను అడిగిన్నా?" అతని గొంతు ఒక్కసారిగా లేచింది. పక్క గదిలో ఎవరో టీవీ తగ్గించారు. "నేను నౌకరి అడగలే! నా పేరు నాకు వాపస్ ఇయ్యిమంటున్న. నేను చెప్పుకుంటే చెప్పుకుంట, లేకుంటె లేదు. అది నా ఇష్టం. తొమ్మిదేండ్ల సంది గోలీ మింగుతున్న అని నా సొంత తమ్మునికి గూడ చెప్పలే. నీ అన్న ఎవడు చెప్పటానికి? నువ్వెవరు రాయటానికి?"

ప్రశాంతి తల దించుకోలేదు. దించుకుంటే జాలి కోసం వచ్చినట్టుంటుంది.

"ఇంగొక మాట," అన్నాడతను. "నా ఒక్కని కాడికొచ్చి చెప్తే ఏమొస్తది? మీ ఇంట్ల పని చేస్తది గనుక మా ఆమెకు మొహం చూపియ్యలేక వచ్చినవు. కడమ నాలుగు వందల మంది కాడికి ఎవరు పోతరు?"

సమాధానంగా ఆమె సంచీ తెరిచి ల్యాప్‌టాప్ తీసింది. దారిలో అనుకుంటూ వచ్చింది అదే. అనుకోవడానికీ చేయడానికీ మధ్య ఆ మాట కావలసి వచ్చిందేమో.

నాలుగూ పది. లాగిన్ ఇంకా పనిచేస్తోంది.

క్యాంపు ముందు రోజు అందరికీ ఒక కాల్ వెళ్తుంది. 'రేపు పొద్దున ఏమీ తినకుండా రండి' అని రికార్డు చేసిన గొంతు. ఆ గొంతు ప్రశాంతిదే. మాట మార్చి మళ్లీ రికార్డు చేస్తే, ఒక్క మీట నొక్కితే, నాలుగు వందల పన్నెండు ఫోన్లు మోగుతాయి.

ఆమె కాగితం మీద రాసుకుని చదివింది. "నమస్కారం. గత నెల ఆరోగ్య శిబిరంలో సేకరించిన మీ వ్యక్తిగత సమాచారం ఇతర సంస్థలతో పంచుకోబడిందని తెలియజేయుటకు..."

"ఏందది?" అంది యాదమ్మ. "రేడియో వార్తలా? ఎవలికి సమజైతది? పంచుకునుడు ఏంది, అన్నదమ్ముల జాగనా? మీ రోగం సంగతి మీకు చెప్పకుంట వేరేటోళ్లకు ఇచ్చినం అని చెప్పు. గట్ల చెప్పనీకి నోరొస్తలేదా?"

నోరు రావడం లేదు, నిజమే. ఏప్రిల్‌లో రాసిన ఇంగ్లీషు వాక్యం కూడా ఇందుకే అంత నున్నగా వచ్చిందని ప్రశాంతికి అప్పుడు తెలిసింది. రాసింది కొట్టేసింది. యాదమ్మ ఒక్కో ముక్కా చెప్తుంటే మళ్లీ రాసింది. నర్సయ్య మధ్యలో రెండుసార్లు అడ్డుపడి, "తప్పు మాదే అని ముందుగాల చెప్పు, వెనుక గాదు," అన్నాడు.

చివరికి ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడింది.

"నేను నాడికార్డ్ ప్రశాంతిని మాట్లాడుతున్నాను. మేం మీకు తప్పు చేశాం. మే నెల క్యాంపులో మీ రక్తం, మూత్రం పరీక్షలు చేశాం. అందులో ఏం తేలిందో మీకు చెప్పకుండా ఏడు ఏజెన్సీలకు ఇచ్చాం. మిమ్మల్ని అడగలేదు. మీ పేరు తీసేయమని మీరు అడగొచ్చు. మీ వివరాలు ఎవరికి ఇచ్చామో అడగొచ్చు. ఇది నా సొంత నంబరు. ఏ టైములోనైనా చెయ్యండి."

నంబరు రెండుసార్లు చెప్పింది. నాలుగూ నలభైకి మీట నొక్కింది.

యాదమ్మ లేచి స్టవ్ వెలిగించింది. చాయ్ ప్రశాంతి కోసమేనా కాదా అన్నది తెలియలేదు.

మొదటి ఫోను ప్రేమ్ కుమార్ నుంచి వచ్చింది.

"ఏం చేశావే నువ్వు? మన డ్రైవర్ కూడా ఆ క్యాంపులో ఉన్నాడు. కారు నడుపుతూ స్పీకర్లో విన్నాడు. వెనక సీట్లో నేనున్నాను!"

"అతనికి కూడా చెప్పాలి కదా, అన్నయ్యా."

"నువ్వు నా చెల్లెలివి కాదు ఇక. విన్నావా? రేపు నీకు నోటీసు వస్తుంది."

"విన్నాను. ఆ ఏడుగురికి కూడా పంపించు," అని పెట్టేసింది. ల్యాప్‌టాప్ తెర మీద ఆఫీసు పేజీ దానంతటదే మూసుకుపోయింది. నంబర్ల కోసం అంతకుముందు దించుకున్న అసలు ఫైలు మాత్రం ఇంకా తెరిచి ఉంది.

రెండో ఫోను తెలియని నంబరు.

"హలో. మేడం, ఇప్పుడు ఫోన్ల మాట్లాడింది మీరేనా?" ఆడగొంతు. చిన్న వయసు. వెనక ఏదో లేత్ మిషన్ చప్పుడు. "నా పేరు వసంత. బాలానగర్ కాడ ఉంటం. రాయదుర్గంల టవర్ల హౌస్‌కీపింగ్ చేస్తుంటి. మూడు వారాల కింద రావద్దన్నరు మేడం. ఎందుకంటే, నీ రిపోర్టుల ఉన్నది పో అన్నరు. ఏమున్నది సార్ అని అడిగితే ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూస్కొని నవ్విన్రు."

"నవ్వారా?"

"అవ్ మేడం. మూడు వారాల సంది నిద్ర పడ్తలేదు. పెద్ద రోగమేమోనని దవాఖానకు పోనీకి భయమైతున్నది. జర చెప్పుండ్రి మేడం. నాకేమున్నది?"

ప్రశాంతి ఫైలులో ఆ పేరు వెతికింది. వసంత, ఇరవై మూడు. గోడకు అంటించిన జాబితాలో లేని గడులు ఈ ఫైలులో చాలా ఉన్నాయి. వేలితో ఒక్కో గడీ దాటుకుంటూ వెళ్లింది. రక్తం సరిగానే ఉంది. షుగర్ లేదు. ఆ తర్వాతి గడి ఆమె ఎప్పుడూ చూడలేదు. అలాంటి పరీక్ష చేస్తున్నట్టు క్యాంపు నడిపిన తనకే ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ల పేర్లకు మాత్రమే నింపి ఉంది.

గర్భం: పాజిటివ్. పక్కన ఎవరో ఒక్క మాట చేర్చారు. పనిలోంచి తొలగించవచ్చు.

మూడు వారాలుగా ఏడు ఆఫీసుల్లో తెలిసిన సంగతి. ఆ పిల్లకు తప్ప.

"ఏమున్నదంట?" అంటూ యాదమ్మ చాయ్ గ్లాసుతో వంగింది. ప్రశాంతి ల్యాప్‌టాప్ మూత వేసేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా గది బయటికి, ఎవరూ లేని బండల వైపు నడిచింది. బండ కాలుతోంది.

"వసంతా, నువ్వు భయపడాల్సిన జబ్బేమీ లేదు. నీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

అవతల ఏదో గుసగుస. ఫోను చేతులు మారింది.

"హలో," మగగొంతు, గట్టిగా. "నేను ఆమె ఇంటాయనను. ఏమున్నదో నాకు చెప్పుండ్రి."

"ఆమె రిపోర్టు ఆమెకే చెప్తాను. ఫోను ఆమెకివ్వండి."

"నేను మొగున్ని అంటున్న గదా!"

"విన్నానండి. ఫోను వసంతకివ్వండి."

లేత్ మిషన్ ఆగిపోయింది. అతను ఊపిరి పీల్చడం వినిపిస్తోంది. ఫోను పెట్టేయలేదు. ఇవ్వనూ లేదు.